పాలు పొంగిన ఇల్లు

ఉద్యోగం మీద పరాయి దేశం వెళ్లాలంటే అన్నిటికన్నా కష్టం వీసా అనుకుంటారు చాలామంది. కాదు, ఇల్లు. ఏడాదికైతే ఇల్లు దొరుకుతుంది, ఒక్క రాత్రికైతే లాడ్జి దొరుకుతుంది. మధ్యలో ఈ మూడు నెలల మనిషి ఉంటాడే, అతను ఎవరికీ అక్కర్లేదు. ఈ సంగతి నాకు తెలిసింది నేను దేశం దాటినప్పుడు కాదు. దేశం దాటి ఒకామె జగ్గయ్యపేట వచ్చినప్పుడు.

అవి తొంభైల చివరి రోజులు. మాది నందిగామ. బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో టెంపరరీ కెమిస్టుగా చేరాను. రోజూ పొద్దున బస్సెక్కి, హైవే మీద దిగి, అక్కణ్ణుంచి ఆటోలో ఫ్యాక్టరీకి వెళ్లేదాన్ని. ల్యాబులో ఆరుగురు మగవాళ్లు, నేనూ. సున్నపురాయి పొడి తూచి, యాసిడ్‌లో మరిగించి, వడగట్టి, అందులో సున్నం ఎంతుందో లెక్క తేల్చడం నా పని. నేను లెక్క తేల్చేసరికి ఆ రాయి కాస్తా సిమెంటై, బస్తాల్లోకెక్కి, లారీలో కంచికచర్ల దాటిపోయేది. వెళ్లిపోయిన పెళ్లికి నేను భజంత్రీలు వాయిస్తున్నానని మా చీఫ్ కెమిస్టు ఎగతాళి చేసేవాడు. నాకు ఒళ్లు మండేది కానీ అతను అన్నది నిజమే.

ఆ ఏడు కంపెనీ ఎక్స్‌రే యంత్రం ఒకటి కొంది. పొడిని బిళ్లలా నొక్కి అందులో పెడితే నిమిషాల్లో జవాబు చెప్పేస్తుంది. దాన్ని బిగించి, నడపడం నేర్పడానికి ఫిలిప్పీన్స్ నుంచి ఒక ఇంజనీరు వస్తోందని తెలిసింది. ఆడ ఇంజనీరు. మూడు నెలలు ఉంటుంది.

మేనేజరు నన్ను పిలిచాడు. "ఆవిడకి ఊళ్లో ఒక ఇల్లు చూడమ్మా. నువ్వు ఆడమనిషివి, నీకు తెలుస్తుంది" అన్నాడు. గెస్ట్‌హౌస్ ఉంది కదండీ అన్నాను. అక్కడ పెద్దవాళ్లు వస్తూ పోతూ ఉంటారట, వారం మించి గది ఇవ్వరట. ఆవిడ బసకని వాళ్ల కంపెనీ ఇచ్చేది విజయవాడ హోటల్లో పదిహేను రోజులకి కూడా చాలదు. ఊళ్లో ఇల్లు కుదరకపోతే ఆవిడ వారం రోజులు గెస్ట్‌హౌస్‌లో ఉండి, చీఫ్ ఒక్కడికి నేర్పి వెళ్లిపోతుంది. కుదిరితే మూడు నెలలు ఉంటుంది, పక్కన నేనుండి మొత్తం నేర్చుకోవచ్చు.

చీఫ్‌కి రిటైర్మెంటు రెండేళ్లు. నాకు ఉద్యోగం పర్మనెంటు కావాలంటే ఆ యంత్రం తప్ప వేరే దారి లేదు. మేనేజరు ఆ మాట పైకి అనలేదు, నేనూ అనలేదు, ఇద్దరికీ తెలుసు.

జగ్గయ్యపేటలో టు-లెట్ బోర్డులకేం కరువు లేదు. అయిదు రోజులు సాయంత్రం బస్సు వదులుకుని మరీ తిరిగాను. ఒక్కో గుమ్మం ఎక్కడం, గుక్క తిప్పుకోకుండా కథంతా చెప్పడం, వాళ్లు నన్ను పైనుంచి కిందకి చూడటం.

"ఫ్యామిలీకైతే ఇస్తామండి."

"మూడు నెలలకేనా? సున్నం వేయించిన శ్రమ కూడా దండగే."

ఒక పెద్దాయన అంతా శ్రద్ధగా విని, "ఇంతకీ ఆవిడ ఏమిట్లమ్మా?" అని అడిగాడు. ఫిలిప్పీన్స్ అండి అన్నాను. "అది ఊరమ్మా. ఏమిట్లు?" అన్నాడు మళ్లీ ఓపికగా. ఆవిడ కులమేంటో నాకు తెలీదని చెప్పి మెట్లు దిగాను. తెలిసినా ఆయన ఇచ్చేవాడు కాదు.

అయిదో రోజు, అంటే సోమవారం సాయంత్రం, బజారు వెనక వీధిలో ఒక కిరాణా కొట్టు ముందు ఆగాను. ముందు కొట్టు, వెనక ఇల్లు, ఇంటి పక్కనే విడిగా గుమ్మం ఉన్న ఒంటిగది పోర్షను. కొట్లో కూర్చున్న శెట్టిగారు నా మాట సగం కూడా వినకుండా, "లోపల అడగండమ్మా" అన్నారు. తర్వాత తెలిసింది, ఆయన కందిపప్పు ధర తప్ప ప్రపంచంలో ఏది అడిగినా అదే జవాబట.

లోపల ఆయన భార్య బియ్యం చెరుగుతోంది. యాభై దాటిన మనిషి, నడుం పట్టేసినట్టు ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. పిన్నిగారూ అని పిలిచాను. చాట ఆపకుండానే అంతా వింది. ఏమిట్లని అడగలేదు. "ఒక్కతే పడుకోవాలంటే భయపడుద్దా ఆ పిల్ల?" అని అడిగింది. అయిదు రోజుల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి.

నాకు ప్రాణం లేచొచ్చింది. భయపడదండి అన్నాను, నాకేదో తెలిసినట్టు.

"ఎప్పుడొస్తది?"

"వచ్చే సోమవారం అండి."

చాట ఆగింది. "గురువారం నుంచి శుక్ర మూఢం కదమ్మా. రెండు నెలల పైమాటే. మూఢంలో ఇల్లు చేరకూడదు."

అయిదు రోజుల అలసట నెత్తికెక్కింది. "అద్దె ఇంటికి కూడా మూఢమేంటండీ? ఆవిడకి మూఢమంటే ఏంటో కూడా తెలీదు."

"ఆ పిల్లకి తెలీకపోతే మనకి తెలీదా? ఇల్లు అద్దెదే గానీ పొయ్యి అద్దెది కాదుగా."

"ఇవ్వడం ఇష్టం లేకపోతే లేదని చెప్పండి. మధ్యలో శుక్రుణ్ణెందుకు లాగుతారు?" అని లేచి నిలబడ్డాను. ఆ మాట ఇప్పటికీ గుర్తొస్తే సిగ్గేస్తుంది. బీఎస్సీ చదివానన్న పొగరు, పర్మనెంటు కాలేదన్న దిగులు, రెండూ కలిసి నోట్లోంచి వచ్చిన మాట అది.

ఇంకొకరైతే బయటికి నడవమనేవారు. ఆవిడ నవ్వింది. "కోపం ముక్కు మీదే ఉందే నీకు. కూర్చో. ఆ పిల్లది వస్తువేదన్నా ముందొచ్చిందా?"

వచ్చింది. యంత్రం పెట్టెలతో పాటు ఆమె సొంత పనిముట్ల పెట్టె కూడా లారీలో వచ్చి స్టోర్స్‌లో పడి ఉంది.

"బుధవారం పొద్దున్నే పట్రా. మూఢం రాకముందే పాలు పొంగిద్దాం. మనిషెప్పుడొస్తే ఏం, ఇల్లు చేరినట్టే" అంది.

ఇల్లు మారబోయేవాళ్లు మూఢానికి ముందే వెళ్లి పాలు పొంగించి రావడం మా వైపు అందరూ చేసేదే. కానీ సముద్రాల అవతల ఉన్న మనిషి కోసం, ఆ మనిషికి తెలియకుండా, ఒక ఇనప పెట్టెని గృహప్రవేశం చేయించడం నేనెక్కడా వినలేదు. స్టోర్ కీపరు గేట్‌పాస్ మీద కారణం రాయమన్నాడు. చాలాసేపు ఆలోచించి "పరిశీలన నిమిత్తం" అని రాశాను.

బుధవారం ఆ పెట్టెతో ఆటో దిగేసరికి పోర్షను కడిగి, గుమ్మానికి పసుపు రాసి ఉంది. పీట మీద ముగ్గేసి పెట్టెని దాని మీద పెట్టించింది. స్పానర్లు, స్క్రూడ్రైవర్లు ఉన్న ఆ పెట్టె మూతకి పసుపు రాసి బొట్టు పెట్టింది. కొత్త గిన్నెలో పాలు పోసి పొయ్యి మీద పెట్టింది. దణ్ణం పెడుతూ ఆ పిల్ల పేరేంటని అడిగితే చెప్పాను. రెండుసార్లు ప్రయత్నించి, నోరు తిరగక, "స్వామీ, ఈ పెట్టె గల పిల్లని చల్లగా చూడు" అంది. పాలు పొంగి తూర్పు వైపు కారాయి. ఆవిడ ముఖం చూడాలి, సొంత కూతురు కాపురం పెట్టినట్టు ఉంది.

"ఇంక పొంగిన ఇల్లు ఖాళీగా వదలకూడదు. ఎవరో ఒకరు పడుకోవాలి" అంది, గిన్నె దించుతూ.

రోజూ రాత్రి ఇంటికి రాకపోతే నందిగామలో మా అమ్మ ఊరుకోదు. ఏం సాకు చెప్పాలా అని వెతుక్కుంటుంటే నా ముఖం చూసి, "నిన్నెవరన్నారే, నీ బస్సుకి నువ్వు పో" అని పంపేసింది. ఏదో మాటవరసకి అందనుకున్నాను. ఆ తర్వాత మర్చిపోయాను కూడా.

సోమవారం ఆమెని రైలు దిగిన దగ్గర్నుంచి వెంటబెట్టుకుని తీసుకొచ్చాను. నాకంటే అయిదారేళ్లు పెద్దదేమో. పొట్టిగా, గుండ్రటి ముఖంతో, ప్రయాణంలో నలిగిపోయి ఉంది. కొట్టు ముందు ఆగితే శెట్టిగారు గల్లా దగ్గర్నుంచి లేచొచ్చి, నాకు మాత్రమే వినపడేలా అన్నారు: "మీ మనిషొచ్చింది, బతికించారు. అయిదు రాత్రుల్నించి మా ఆవిడ ఆ పెట్టె పక్కన చాపేసుకుని పడుకుంటంది. దానికి నడుం నొప్పి, నేల పడదు. చెప్తే వినదు."

కందిపప్పు గురించి కాకుండా ఆయన నోట నేను విన్న ఏకైక పెద్ద మాట అది. ముక్కూ మొహం తెలియని మనిషి ఇనప పెట్టెకి తోడుగా, నడుం నొప్పితో, అయిదు రాత్రులు. నేను ఆవిడకి శుక్రుణ్ణి గురించి ఉపన్యాసం ఇచ్చాను!

గదిలోకి వెళ్లగానే ఆమె తన పెట్టె మీద పసుపు, బొట్టు చూసి నా వంక చూసింది. నాకొచ్చిన ఇంగ్లీషులో మూఢం సంగతి, పాల సంగతి, పిన్నిగారు పడుకున్న సంగతి మొత్తం చెప్పాను. గోడవార చుట్టి ఉన్న చాప చూపించాను. ఆమె చాలాసేపు ఆ చాప వంకే చూసింది. నవ్వుతుందేమోనని భయపడ్డాను. నవ్వలేదు. చరచరా బయటికి నడిచి, కొట్లో బియ్యం, కల్లుప్పు కొనుక్కొచ్చి, రెండు గిన్నెల్లో పోసి పొయ్యి పక్కన పెట్టింది. వాళ్ల దేశంలో కొత్త ఇంట్లోకి అన్నిటికంటే ముందు బియ్యం, ఉప్పు వెళ్లాలట. వాళ్ల నాయనమ్మ చెప్పేదట.

పిన్నిగారికి తెలుగులో చెప్పాను. "అయితే అక్కడా పెద్దవాళ్లున్నారన్నమాట" అంది సంతృప్తిగా.

అప్పుడామె వంగి పిన్నిగారి కుడిచెయ్యి పట్టుకుని తన నుదుటికి ఆనించుకుంది. అది వాళ్ల దణ్ణం. ఆవిడ ఒక్క క్షణం కంగారుపడి, వెంటనే రెండో చెయ్యి కూడా ఆ తల మీద పెట్టింది.

ఆ మూడు నెలలూ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, ఒక్క రోజూ మాటలకి తడుముకున్నది లేదు. చేపల దగ్గరే కాస్త చిక్కొచ్చింది. ఆ ఇంట్లో ఉల్లిపాయ కూడా కొన్ని రోజులే లోపలికొస్తుంది, ఆమెకేమో చేప లేకపోతే ముద్ద దిగదు. పదిరోజులు నోరు కట్టుకుంది. పిన్నిగారు అది కనిపెట్టి, దొడ్డి గోడకి అవతల ఖాళీ స్థలంలో మూడు ఇటుకలతో పొయ్యి వేయించింది. "గోడ అవతల మా ఇల్లు కాదు, మేం చూడం" అని తీర్పు చెప్పింది. పెనుగంచిప్రోలు నుంచి మున్నేటి చేపలు తెచ్చే మనిషిని పురమాయించింది కూడా తనే. చేపలు వేగే పూట ఇంట్లో నాలుగు అగరొత్తులు ఎక్కువ వెలిగించేది, అంతే. శాస్త్రాన్ని ఎక్కడ పట్టుకోవాలో, ఎక్కడ వదలాలో అంత బాగా తెలిసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

యంత్రం నడపడం నేర్చుకున్నాను. విప్పడం, తుడవడం, అది మొరాయిస్తే బుజ్జగించడం, అన్నీ నేర్పింది. ఒకసారి చేసి చూపించేది, రెండోసారి నా చేత చేయించేది, మూడోసారి చేతులు కట్టుకుని బయటికి వెళ్లిపోయేది. ఆ ఉగాది తర్వాత నా ఉద్యోగం పర్మనెంటయింది.

ఆమె వెళ్లే రోజు మా అమ్మ చేసిన పులిహోర నా స్టీలు టిఫిన్ బాక్సులో పెట్టి ఇచ్చాను. మూత మీద నా పేరు తెలుగులో చెక్కి ఉన్న బాక్సు. అది తిరిగిరాదని ఇచ్చిన తర్వాత తట్టింది. మా అమ్మ ఏడాది పాటు సాధించింది. దేశాలు దాటిన స్నేహం సరే, బాక్సు మాటేంటని.

ఏడెనిమిదేళ్లు గడిచాయి. నాకు పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టారు, ల్యాబులో సీనియర్నయ్యాను. ఆమెకీ నాకూ మధ్య ఏడాదికో గ్రీటింగ్ కార్డు, తర్వాత తర్వాత ఎప్పుడో ఒక ఈమెయిలు. అలాంటి సమయంలో మా వాళ్లు ఇంకా పెద్ద యంత్రం ఒకటి కొనాలనుకుని, దాన్ని నేర్చుకు రమ్మని నన్ను ఫిలిప్పీన్స్‌లో ఒక సిమెంటు ఫ్యాక్టరీకి పంపుతామన్నారు. మూడు నెలలు. బసకి ఇంత అని ఇస్తాం, ఇల్లు నువ్వే చూసుకో అన్నారు.

నందిగామలో ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని వెతికాను. హోటళ్ల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయి. ఇళ్లవాళ్లు ఏడాది అగ్రిమెంటు లేనిదే మాట్లాడం అంటున్నారు. మూడు నెలలకేనా అని ఆనాడు జగ్గయ్యపేటలో నన్ను వెనక్కి పంపిన గుమ్మాలన్నీ ఇప్పుడు ఇంగ్లీషులో కనపడ్డాయి. ఇంతవరకూ విజయవాడ దాటి ఒంటరిగా ఒక రాత్రి గడపని మనిషిని నేను. పిల్లల్ని వదిలి, అక్కడ చోటు దొరక్క, రెండు వారాలకే వెనక్కి వచ్చేస్తే? ఇంకో ఆడమనిషిని పంపుదామని ఎవరూ అనరిక. ఆ భయంతోనే ఆమెకి మెయిలు రాశాను.

మర్నాడు జవాబొచ్చింది. "చూస్తాను. మూఢం ఎప్పుడు?" అని ఇంగ్లీషులో రాసింది, మూఢం అన్న మాట మాత్రం తెలుగుదే.

సెంటర్లో పక్కవాళ్లు తిరిగి చూసేంత నవ్వొచ్చింది. ఇంటికెళ్లి క్యాలెండరు చూసి, సరదాగానే, నేను అక్కడ దిగడానికి మూడు రోజుల ముందు మొదలవుతుందని రాశాను. తర్వాత టికెట్ కుదరక ప్రయాణం వారం వెనక్కి జరిగింది. "వారం ఆలస్యం, ఏమీ అనుకోకు" అని ఒక ముక్క రాసి పడేశాను.

మనీలాలో దిగితే ఆమే వచ్చింది. జుట్టు అక్కడక్కడ నెరిసింది, నవ్వు మారలేదు. రెండు గంటలు బస్సులో వెళ్లాం. ఫ్యాక్టరీకి నడిచి వెళ్లేంత దూరంలో, ఒక బేకరీ మీద గది. ఇంటివాళ్లు ఏడాదికి తక్కువ ఇవ్వమన్నారట. వాళ్లూ వాళ్లూ ఏం మాట్లాడుకున్నారో, మూడు నెలలకి ఒప్పించింది.

తలుపు తీసింది. పొయ్యి పక్కన రెండు గిన్నెల్లో బియ్యం, ఉప్పు. పొయ్యి మీద ఒక వైపు పాలు పొంగి మాడిన మరక, తుడవకుండా అలాగే ఉంచింది. ఎదురుగా స్టూలు మీద నా స్టీలు టిఫిన్ బాక్సు. మూత మీద నా పేరు. దానికి పచ్చగా పూత, మధ్యలో ఎర్రటి చుక్క. పసుపు దొరక్క కూరపొడి కలిపి రాసిందట, బొట్టు తన లిప్‌స్టిక్‌తో పెట్టిందట. నా వస్తువు నాకంటే ముందు ఇల్లు చేరాలి కదా, ఇదొక్కటే తన దగ్గరుంది అంది.

నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఆ బాక్సు చేతిలోకి తీసుకుంటే తలుపు వెనక చుట్టి పెట్టిన చాప కనపడింది. దాని మీద దిండు, పక్కన ఒక అలారం గడియారం, చిన్న పిల్ల ఫొటో.

ఇక్కడెవరు ఉంటున్నారని అడిగాను.

"నేనే. పొంగిన ఇల్లు ఖాళీగా వదలకూడదని పిన్ని అన్నదని నువ్వే చెప్పావు కదా."

ఆమె ఇల్లు అక్కడికి గంట దూరం. భర్త ఉన్నాడు, ఫొటోలో ఉన్న పిల్లకి అప్పటికి నాలుగేళ్లు. నేను ఏ రోజూ అడిగింది లేదు. నేను వారం ఆలస్యం అని ఒక ముక్క రాసి పడేసి, నందిగామలో నా పిల్లల పక్కన పడుకున్నాను. ఆమె డ్యూటీ దిగి, తన పిల్లని వాళ్లమ్మ దగ్గర వదిలి, ఈ గదిలో నా టిఫిన్ బాక్సుకి తోడు పడుకుంది. ఎన్ని రాత్రులని అడిగితే వేళ్లు మడిచి లెక్కపెట్టి, పదకొండు అంది.

ఆమె చెయ్యి తీసుకుని నా నుదుటికి ఆనించుకున్నాను. వాళ్లలో అది పెద్దవాళ్లకే చేస్తారట. నన్ను ముసలిదాన్ని చేస్తావా అని కసిరింది. నేను ఏడుస్తున్నానని చూసి ఊరుకుంది.

మర్నాడు కార్డు కొనుక్కుని జగ్గయ్యపేట ఫోన్ చేశాను. ముందు శెట్టిగారు ఎత్తారు. నేనని చెప్పగానే "ఆవిడ్నిస్తా" అన్నారు. పిన్నిగారికి అప్పటికి నడుం పూర్తిగా వంగిపోయింది, ఫోన్ దగ్గరికి రావడానికే చాలాసేపు పట్టింది.

"మూఢంలో పోయావు, దిగులుగా ఉందే నాకు. ఇల్లు దొరికిందా?"

"దొరికిందండి."

"పాలు?"

"మూఢానికి ముందే పొంగించిందండి ఆవిడ."

"పడుకుందా మరి ఆ పిల్ల?" అంది వెంటనే.

"పడుకుందండి. పదకొండు రాత్రులు."

అవతల ఆవిడ ఆ లెక్కని తనలో తాను ఒకసారి అనుకోవడం వినపడింది.

"నేను అయిదే పడుకున్నానే" అంది.